ఈతకు ఊరి బాయా, పట్నం స్విమ్మింగ్ పూలా?

మా పాపకు ఆరేళ్లు. ఎండాకాలం సెలవులు ఇచ్చిన రోజే ఇంట్లో పంచాయితీ మొదలైంది. "పైసలు దండుగ. ఊర్లె బాయి లేదా? బెండ్లు కట్టి దింపితే పది రోజుల్ల వస్తది" అని మా నాయన. మా ఆవిడకు బాయి పేరెత్తితేనే దడ. హన్మకొండలోనే ఏదన్నా పూల్‌లో చేర్పిద్దామంది. మధ్యలో నేను, బండేసుకుని తిరిగాను.

బాయిని చిన్నచూపు చూడలేను, నేను నేర్చింది అందులోనే. నడుముకు నాలుగు బెండ్లు కట్టి, రెండు మూడు రోజులకొకటి విప్పేవాళ్లు. ఆఖరుది ఎప్పుడు విప్పారో నాకే తెల్వదు. పైగా ఒక్క పిల్లకు ఒక్క పెద్దమనిషి, చూపు తిప్పకుండా. అంత శ్రద్ధ ఏ కోచింగ్‌లో దొరుకుతుంది? కానీ ఆరేళ్ల పిల్లకు అక్కడ కాలు ఆనే చోటు ఉండదు. ఏప్రిల్‌లో నీళ్లు దిగిపోయాక కింద బండ ఎక్కడుందో కనపడదు. అన్నిటికన్నా మోటరుతో భయం. స్టార్టర్ ఆపితే చాలదు, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే పిల్లను దింపాలి. (కాకతీయ కాలువ సంగతి అసలు ఎత్తొద్దు. వేగంగా పోయే నీళ్లు, పాచి పట్టిన సిమెంటు ఏటవాలు. ఈతొచ్చిన పెద్దలే పైకి ఎక్కలేరు.)

తక్కువ ఫీజుతో పెట్టే సమ్మర్ బ్యాచ్ ఒకటి చూశాను. ఒక్క కోచ్, ఇరవై ఏడు మంది పిల్లలు. గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. గంటలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దక్కితే ఎక్కువ, మిగతా సేపు గోడ పట్టుకుని వణకడమే. పదేళ్ల పిల్లలైతే పక్కవాణ్ణి చూసి నేర్చేసుకుంటారు. చిన్నవాళ్లకు వద్దు.

ప్రైవేటు పూల్‌లో ఫీజు ఎక్కువే కానీ పిల్లలు నలుగురైదుగురే, నీళ్లు ఛాతీ దాకానే. అయినా కళ్లు మూసుకుని కట్టేయొద్దు. ఒకచోట క్లోరిన్ వాసన గుప్పుమంది. "మందు బాగా వేస్తాం సార్" అన్నాడతను గర్వంగా. నిజానికి ఆ ఘాటు వాసన క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు వచ్చేది. గట్టు మీద నిలబడి చూస్తే అడుగున నీళ్లు పోయే జాలీ స్పష్టంగా కనపడాలి. లేకపోతే వెనక్కి వచ్చేయడమే. ఇంకోచోట నెలంతా పిల్లల చేతులకు గాలి బుడగలు తొడిగే ఉంచుతున్నారు. అవి ఉంటే పిల్ల నీళ్లలో నిలువుగా ఉంటుంది, ఈతకు ఒళ్లు పడుకోవాలి. తీసేసిన రోజు కూడా తేలతాననే అనుకుంటుంది, అదీ ప్రమాదం. నడుముకు కట్టే బెండు ఒంటిని పైకి లేపుతుంది, చేతులను వదిలేస్తుంది. ఈ మాట చెబితే మా నాయన ముఖం వెలిగిపోయింది.

మూడో చోట, మొదటి వారం ఏం నేర్పుతారని అడిగాను. "నీళ్లలో ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, పడ్డచోటి నుంచి తిరిగి గోడ పట్టుకోవడం" అన్నాడు కోచ్. ఫ్రీస్టైల్ మాటే ఎత్తలేదు. అక్కడే కట్టాను. మూడేళ్ల కొడుకును చేర్చనా అని అడిగిన మా తమ్ముడికి మాత్రం ఏడాది ఆగమన్నాను. ఏడాది వయసు నుంచే మొదలుపెట్టొచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది గానీ, ఎక్కువమంది పిల్లలు సిద్ధమయ్యేది నాలుగేళ్లకట.

నెల తిరిగేసరికి పాప పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఈదింది. ఊరికి పోయినప్పుడు ఫ్యూజులు పీకించి బాయి దగ్గరకు తీసుకుపోయాం. మెట్టు మీద కూర్చుని కాలు పెట్టింది, చటుక్కున తీసేసింది.

"తాతా, అడుగు కనిపిస్తలేదు!"

మా నాయన ఏమీ అనలేదు. సంచిలోంచి మూడు బెండ్లు తీసి దాని నడుముకు కట్టడం మొదలుపెట్టాడు.