23 వారాలకే పుట్టిన బిడ్డ: స్వీడన్‌లో ఒకలా, నెదర్లాండ్స్‌లో మరోలా

23 వారాలకే పుట్టిన బిడ్డ అరకిలోకి కాస్త అటూఇటూ ఉంటుంది. కనురెప్పలు ఒక్కోసారి ఇంకా విడివడి ఉండవు. చర్మం ఎంత పల్చనంటే ప్లాస్టర్ పీకితే దాంతోపాటే ఊడొస్తుంది. ఊపిరి కోసం గొంతులోకి వేసే గొట్టం లోపలి వెడల్పు 2.5 మిల్లీమీటర్లు.

స్వీడన్‌లో ఈ బిడ్డకు మామూలుగా ఆ గొట్టం వేస్తారు. 2004-07 మధ్య అక్కడ ఇన్ని వారాలకే ప్రాణంతో పుట్టినవాళ్లలో సగానికి పైగా మొదటి పుట్టినరోజు చూశారు. నెదర్లాండ్స్ 2010లో, బిడ్డను బతికించే చికిత్స మొదలుపెట్టే హద్దును 25 వారాల నుంచి 24కు దించింది. అంతకంటే ముందే పుడితే సాధారణంగా వెంటిలేటర్ జోలికి పోరు. నొప్పి తెలియకుండా చూసి తల్లి గుండెల మీద పడుకోబెడతారు.

డచ్చివాళ్లది రాతిగుండె అనుకోకండి. మెదడులో రక్తస్రావం, చూపు పోయే ప్రమాదం, నెలల తరబడి సూదులు, ఇవన్నీ పడేది ఆ పసిగుడ్డే కదా అంటారు. కొట్టిపారేసే మాట కాదది. కాకపోతే ప్రయత్నమే చేయనిచోట ఎవరు బతుకుతారు? అలా బతకని లెక్కే చూపించి మళ్లీ ప్రయత్నం వద్దనడం నాకు మింగుడుపడదు. చికిత్స మొదలుపెట్టకపోవడం, మొదలుపెట్టి ఆపడం నైతికంగా ఒకటేనంటారు గానీ, స్విచ్ మీద చెయ్యి వేసే డాక్టరుకు ఒకటిగా అనిపించదు. అయినా నా ఓటు స్వీడన్‌కే, ఒక్క షరతు మీద: తలకు తీసిన స్కాన్ బాగోలేకపోతే, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి వెంటిలేటర్ తీసేసే వీలుండాలి.