రేర్ ప్లెకోలు, కోరీలు పెంచి అమ్మే ఉప్పల్ అన్న దగ్గర కొన్నా, నా రివ్యూ ఇదీ

ప్లెకోలు, కోరీలు అంటే అక్వేరియంలో పెంచుకునే క్యాట్ ఫిష్ రకాలు. ముందే చెప్తున్నా ఇది షాపు కాదు. బోర్డు ఉండదు, మ్యాప్స్ లో కొడితే రాదు. ఉప్పల్ సైడు ఒక ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ లో ఒక పోర్షన్ మొత్తం ర్యాకులు, ర్యాకుల నిండా ట్యాంకులు, అంతే. పేరు, నంబరు పెట్టొద్దన్నాడు, ఇప్పటికే వచ్చే మెసేజ్ లకే రిప్లై ఇవ్వలేకపోతున్నా బ్రో అంటాడు, అది నిజమే, దాని గురించి కింద తిడతా. హైదరాబాద్ లో చేపల పిచ్చి ఉన్నోళ్ళకి ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

అమ్మేది క్యాట్ ఫిష్ లు మాత్రమే. గప్పీలు, ఆస్కార్లు, ఫ్లవర్ హార్న్ లు అడిగితే దండం పెట్టేస్తాడు. ప్లెకోల్లో సూపర్ రెడ్ బ్రిసిల్ నోస్, ఎల్144 (ఈ ఎల్ నంబర్ల సంగతి కింద చెప్తా), ఇంకా పై రేటులో కింగ్ టైగర్ అంటే ఎల్066, ఎల్333. కోరీల్లో స్టెర్బైలు ఎప్పుడూ ఉంటాయి, పిగ్మీలు అప్పుడప్పుడు. నేను తీసుకున్నది కింగ్ టైగర్ పిల్లలు, ఒక స్టెర్బై గుంపు. కింగ్ టైగర్ ఇంచున్నర పిల్ల ఒక్కోటి 3500. అవును, చదివింది కరెక్టే. మా అమ్మకి రేటు తెలిసిన రోజు "మూడున్నర వేలు పెడితే ఇంటిల్లిపాదికీ రెండు పూటలా కొరమేను కూర వచ్చేది కదరా, ఈ జెల్లపిల్లకా" అంది. జెల్లలు, వాలుగలు పులుసు పెట్టుకు తినే ఇంట్లో క్యాట్ ఫిష్ కి ఇంత పెట్టానంటే ఎవరైనా అదే అంటారు, నేనేం ఎదురు చెప్పలేదు.

రేటు ఎందుకంత అనేది మాత్రం అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. కుమ్మరి దగ్గర చేయించిన మట్టి గొట్టాలు ఉంటాయి, ఒక పక్క మూసేసి, లోపల మగది పట్టేంత వెడల్పు మాత్రమే, ఎక్కువుంటే వాటికి నచ్చదట. టార్చ్ కొంచెం పక్కకి పట్టి చూపించాడు, మగది గొట్టం మూతి దగ్గర తోక మనవైపు పెట్టి ఆగకుండా ఊపుతూనే ఉంది, దాని పొట్ట కింద సందులోంచి సగ్గుబియ్యంలాగా పసుపుపచ్చ గుడ్లు ఒక ముద్ద. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, నీళ్ళు తోలుతూ కాపలా కాసేదంతా తండ్రే. ఒక ఈతకి వచ్చే గుడ్లు కూడా తక్కువే. వారానికి పొదుగుతాయి, ఇంకో వారం పది రోజులు పొట్టకి వేలాడే సొన మీదే బతుకుతాయి, అది అయిపోయాక అసలు తిండి మొదలు, అక్కడే చాలా పిల్లలు పోతాయట. బతికినవి కూడా అమ్మే సైజుకి రావాలంటే నెలలు, మళ్ళీ అవి గుడ్లు పెట్టే వయసుకి రావాలంటే రెండు మూడేళ్ళు. బ్రిసిల్ నోస్ అలా కాదు, ఒక్కసారికి యాభై నుంచి వంద దాకా పెడుతుంది, అందుకే సూపర్ రెడ్ రెండించుల పిల్ల 400కే ఇస్తున్నాడు.

కొత్తవాళ్ళ కోసం ఈ ఎల్ నంబర్ల గోల ఒక్క ముక్కలో చెప్తా. దక్షిణ అమెరికా నదుల్లోంచి ప్లెకోలు సైంటిఫిక్ పేర్లు పెట్టేలోపే కుప్పలుగా వచ్చిపడుతుంటే 1988లో జర్మనీలో డాట్జ్ అనే అక్వేరియం పత్రిక ఫొటో వేసి పక్కన ఒక నంబర్ ఇచ్చెయ్యడం మొదలెట్టింది, ఎల్ అంటే లోరికారిడే, వాటి కుటుంబం పేరు. అది సైన్స్ పేరు కాదు కాబట్టి ఒకే చేపకి రెండు మూడు నంబర్లు ఉండటం కూడా ఉంది, దాంట్లోనే అమ్మేవాళ్ళు ఆడుకుంటారు, చారలుంటే చాలు ఏదో ఒక నంబర్ తగిలించేస్తారు. వేరే చోట, పేరు వద్దులే, నాకు రేర్ ఎల్ నంబర్ అని అంటగట్టింది పెరిగి పెరిగి అడుగు దాటింది, చివరికి చూస్తే మామూలు సెయిల్ ఫిన్ ప్లెకో. ఈ అన్న దగ్గర ప్రతి ట్యాంకు మీద టేపు ఉంటుంది, తల్లిదండ్రులు ఎవరి దగ్గర కొన్నవి, ఎప్పుడు గుడ్లు పెట్టాయి అని మార్కర్ తో రాసి ఉంటుంది. 066, 333 రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కలిపితే కలిసి పిల్లలు పెట్టేస్తాయి కూడా, అందుకని వాటిని వేరే వేరే ర్యాకుల్లో ఉంచాడు. ఒక ట్యాంకు చూపించి ఇదేంటన్నా అంటే "హైపాన్సిస్ట్రస్ అని చెప్పగలను, నంబర్ గ్యారంటీ ఇవ్వను, అందుకే సగం రేటు" అన్నాడు. హైపాన్సిస్ట్రస్ అంటే ఈ కింగ్ టైగర్లు ఉండే ప్రజాతి పేరు. ఇలా చెప్పే సెల్లర్ నాకైతే ఇంకొకడు తగల్లేదు.

కానీ నేను అసలు డబ్బులు పెట్టింది ఆ టేపుకి కూడా కాదు, నీళ్ళకి. ఈ కింగ్ టైగర్లు బ్రెజిల్ లో షింగు నది కింది భాగంవి, వేడిగా మెత్తగా (అంటే లవణాలు తక్కువగా) ఉండే నీళ్ళు, 28 నుంచి 30 డిగ్రీలు, రాళ్ళ సందుల్లో మంచి ప్రవాహం. మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, గీజర్ రాడ్ కి తెల్లగా పట్టేసే బాపతు. పెద్ద చేపలకి గుడ్ల కోసం ఆర్ఓ నీళ్ళు కలుపుతాడు గానీ పిల్లలు కాస్త గట్టిపడ్డాక మెల్లిగా మంజీరా నీళ్ళు, బోరు నీళ్ళ మీదకి తెచ్చి అప్పుడే అమ్ముతాడు. ఆర్డర్ చెప్పగానే మొదటి ప్రశ్న రేటు గురించి కాదు, మీ ఇంట్లో నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) ఎంత, ఏప్రిల్ మే లో ట్యాంకు ఎంత వేడెక్కుతుంది, కరెంటు పోతే ఎయిర్ పంపుకి బ్యాకప్ ఉందా అని. నాకు ఇన్వర్టర్ ఉంది అన్నాకే అడ్వాన్స్ తీసుకున్నాడు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, పైగా ఇవి ప్రవాహానికి అలవాటు పడ్డ చేపలు, ఎండాకాలం రాత్రి పంపు ఆగిందంటే తెల్లారేసరికి అయిపోతాయి, అడగడంలో న్యాయం ఉంది.

షాపుల్లో ఇంపోర్ట్ ప్లెకోలు చెన్నై కొల్లత్తూరు నుంచో కోల్ కతా నుంచో చేతులు మారుతూ వచ్చేసరికి పొట్ట లోపలికి అంటుకుపోయి కళ్ళు గుంట పడి ఉంటాయి, చూడ్డానికి గీతలు బాగుంటాయి, ఇంటికి తెచ్చాక మాత్రం తినవు. ప్లెకో కొనేముందు గ్లాసుకి అతుక్కున్నప్పుడు కింద నుంచి పొట్ట చూడండి, గుంట కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఇక్కడివి నేను తెచ్చిన రాత్రే లైట్ తీసేశాక బయటికొచ్చి ఫ్రోజెన్ బ్లడ్ వర్మ్ తిన్నాయి. అన్నట్టు వీటిని నాచు తింటాయి గ్లాసు తుడుస్తాయి అనుకుని కొనకండి, హైపాన్సిస్ట్రస్ లు ఎక్కువగా మాంసం బాపతు తిండే తింటాయి. కీరా ముక్కలు, డ్రిఫ్ట్ వుడ్ గీకడాలు బ్రిసిల్ నోస్ కథ.

ప్యాకింగ్ కి ఫుల్ మార్కులు. ప్లెకోని వలతో పట్టడు, బుగ్గల ముళ్ళు వలలో చిక్కుకుంటాయని డబ్బాతో తోడతాడు. ఒక్కో దానికి ఒక్కో కవరు, డబుల్ కవరు, ఎందుకంటే రెక్కల ముల్లుతో కవర్ చింపేస్తాయి. ముందురోజు తిండి ఆపేస్తాడు. స్టెర్బైలని మాత్రం ముందు ఒక బకెట్ లో కాసేపు వదిలి నీళ్ళు మార్చి అప్పుడు కవర్లో వేశాడు, కోరీలు బెదిరితే విషం లాంటిది వదుల్తాయి, అదే నీళ్ళలో ఉంచితే వాటి విషానికి అవే చస్తాయి. ఇది తెలియక ఎంతమంది కవర్ విప్పగానే చచ్చిన కోరీలు చూసి ట్రాన్స్ పోర్ట్ వాడిని తిట్టుకుంటారో. కోరీలు ఆరు కంటే తక్కువ ఇవ్వడు, బతిమాలినా ఇవ్వడు, గుంపు చేపలు ఒంటరిగా పెడితే మూల నక్కి కూర్చుంటాయి.

జీబ్రా ప్లెకో దొరుకుతుందా అని నన్ను చాలామంది అడిగారు కాబట్టి చెప్తున్నా, దొరకదు. ఎల్046, 1991లో పేరు పెట్టారు, షింగు నదిలో ఒక వంపులో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు, ఆ వంపులో నీళ్ళని చాలావరకు బెలో మోంటే డ్యామ్ మళ్ళించేసింది. బ్రెజిల్ ఎగుమతి ఆపేసింది, 2017లో సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) జాబితాలోకి ఎక్కింది, మన దగ్గర కూడా 2022 వైల్డ్ లైఫ్ చట్టం సవరణ తర్వాత ఆ జాబితాలోవి ఇంట్లో ఉంటే రిజిస్టర్ చేయించుకోవాలి. పేపర్లు లేకుండా ముట్టుకోను అన్నాడు, నాకు నచ్చింది.

ఇంకోటి, కామన్ ప్లెకో అసలు పెట్టడు. ట్యాంక్ క్లీనర్ అని షాపుల్లో చవగ్గా ఇచ్చేస్తారు, అడుగు దాటాక జనం తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు, పేపర్లో డెవిల్ ఫిష్ అని రాసేది దాని గురించే, వలలు చింపేసి చేపల చెరువుల వాళ్ళ ప్రాణం తీస్తోంది. నీళ్ళ శాంపిల్ లో డీఎన్ఏ చూసి అది ఎక్కడెక్కడ పాకిందో పట్టే పని మన హబ్సిగూడ సీసీఎంబీ వాళ్ళే చేశారు. ఈ అన్న తన దగ్గర కొన్న చేప వద్దనిపిస్తే వెనక్కి తీసుకుంటాడు, డబ్బులు రావు, కానీ చెరువు పాలు చెయ్యకండి అంటాడు.

ఇక తిట్లు. రిప్లై రావాలంటే రోజులు. ఫొటో పంపమంటే ఎప్పుడో తీసిన తండ్రి చేప ఫొటో పంపుతాడు, మనకొచ్చే పిల్లకి ఆ తెలుపు ఆ నలుపు ఇంకా రాదు, చిన్నప్పుడు గీతలు అలుక్కుపోయినట్టుంటాయి, అది ముందే చెప్పొచ్చు కదా. మగా ఆడా గ్యారంటీ లేదు, ఆ సైజులో ఎవడూ చెప్పలేడు నిజమే, కానీ జంట కోసం నాలుగైదు కొనాల్సొస్తే బిల్లు ఎక్కడికెళ్తుందో లెక్కేసుకోండి. బిల్లు అన్నాను గానీ బిల్లు కూడా ఇవ్వడు, యూపీఐ స్క్రీన్ షాటే రసీదు. చచ్చి వస్తే రీప్లేస్ చేస్తాడు గానీ కవర్ కట్ చేస్తున్న వీడియో కావాలంటాడు, వేరే ఊరికి తెప్పించుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. విజయవాడ, వరంగల్ కి బస్సు పార్సిల్ వేస్తాడు, మే నెలలో మాత్రం వెయ్యడు.

నా లెక్కన 5కి 4. మొదటిసారి కొనేవాళ్ళు కింగ్ టైగర్ జోలికి పోకుండా సూపర్ రెడ్ రెండు తీసుకుని ఒక ఎండాకాలం దాటించి చూడండి. మొన్న అడిగితే 066లు ఈ బ్యాచ్ అయిపోయాయి, స్టెర్బైలు ఉన్నాయి, సూపర్ రెడ్లు ఇంకా ఇంచు సైజులోనే ఉన్నాయి అన్నాడు.