కోటా దాకా వెళ్తే ఝాలావాడ్ కూడా చూసి రండి

రాజస్థాన్‌లోని కోటాలో కోచింగ్‌లో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లే మన తల్లిదండ్రులు చాలామంది చంబల్ ఒడ్డు చూసి తిరుగు రైలెక్కేస్తారు. రెండు రోజులు చేతిలో ఉంటే దక్షిణంగా 85 కిలోమీటర్ల దూరంలోని ఝాలావాడ్ వెళ్లండి. ఉదయపూర్ హంగులు ఉండవు. కానీ తెల్లదొరలు ఒక చిన్న రాజపుత్ర సంస్థానాన్ని ఎలా పుట్టించారో, మళ్లీ ఎలా కత్తిరించారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు.

కోటాలో రాజు పేరుకే రాజు, పెత్తనమంతా జాలిం సింగ్ ఝాలాది. 1817లో కోటా రాజ్యం ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడు దానికి ఒక షరతు చేరింది: పాలన జాలిం సింగ్ వారసులకే చెందుతుందని. సింహాసనం ఒకరిది, అధికారం ఇంకొకరిది. ఆ తగువు 1821లో మాంగ్‌రోల్ దగ్గర యుద్ధం దాకా పోయింది, కంపెనీ సేన జాలిం సింగ్ పక్షాన నిలిచింది. చివరికి 1838లో కోటా నుంచి 17 పరగణాలు (తాలూకాల్లాంటివి) విడదీసి ఆయన మనవడు మదన్ సింగ్‌కి ఝాలావాడ్ ఇచ్చారు. ఏటా కప్పం 80,000 రూపాయలు. 1896లో దుష్పరిపాలన పేరుతో అప్పటి ఝాలావాడ్ రాజు రెండో జాలిం సింగ్‌ని గద్దె దింపారు. 1899లో 15 పరగణాలు మళ్లీ కోటాకి వెళ్లిపోయాయి. మిగిలిన కాస్త నేలకి భవానీ సింగ్‌ని రాజుగా ఎంచారు.

నాకు ఎక్కువగా నచ్చిన మనిషి ఈయనే. ఊరి నడుమ గఢ్ కోట దగ్గర ఆయన 1921లో కట్టించిన భవానీ నాట్యశాల ఉంది. పార్సీ నాటకాల రంగస్థలం అది. గుర్రాలూ రథాలూ వేదిక మీదికి రావడానికి దారి కూడా ఉంది. రాజ్యం అంత చిక్కిపోయాక కూడా కళకి ఇంత చోటిచ్చాడంటే నాకు చాలా గౌరవం కలిగింది. నాట్యకారుడు ఉదయ్ శంకర్, సితార్ విద్వాంసుడు రవిశంకర్‌ల తండ్రి శ్యామ్ శంకర్ ఈ ఆస్థానంలోనే దివానుగా పనిచేశారు. లోపలికి వెళ్లనిస్తారో లేదో ముందే కనుక్కోండి, బయటి నుంచి చూస్తే సగమే చూసినట్టు.

పక్కనే ఝాలరాపాటన్. సూర్య దేవాలయం శిల్పాల కోసం పొద్దున్నే వెళ్లాలి. 1796లో ఈ ఊరిని నిలబెట్టిన జాలిం సింగ్ నడిబజారులో ఒక శాసనం వేయించాడు: కాపురానికి వచ్చినవాళ్లకి సుంకాలు లేవు, ఏ నేరానికైనా జరిమానా రూపాయి పావలా మించదు. 1850లో ఒక కామ్‌దార్ (సంస్థానం అధికారి) ఆ రాయితీలు ఎత్తేసి, ఆ శాసనపు రాయిని చెరువులో పడేయించాడు.

ఆహూ, కాలీ సింధ్ నదులు మూడు వైపులా చుట్టుకున్న గాగ్రోన్ కోట యునెస్కో జాబితాలో ఉంది. చాలామంది దాన్ని ఝాలావాడ్ రాజుల కోట అనుకుంటారు. సంస్థానాల రోజుల్లో అది కోటా చేతిలోనే ఉండేది.

బస విషయానికొస్తే, రాజభవనంలో పడుకోవాలనుంటే కోటాలోనే దిగండి. ఝాలావాడ్‌లో మామూలు హోటళ్లే ఉన్నాయి. నాకు దొరికిన గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున పూటే. అయినా రాత్రి అక్కడే ఉండటం మేలు, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోదామంటే నాట్యశాల, గాగ్రోన్‌లలో ఒకటి వదులుకోవాల్సిందే. పూటకి ఆటో మాట్లాడుకోండి, గాగ్రోన్ నుంచి తిరిగి తీసుకురావడం కూడా బేరంలో కలపండి. చలికాలమైతే దారిలో నారింజలు కొనుక్కోండి, ఈ జిల్లా వాటికి పేరున్నది.