మోటర్‌హోమ్ వెనక చిన్న కారు: ఇనుము బాగానే ఉంది, తిప్పలన్నీ వైర్లతోనే

ముందు సరంజామా సంగతి. బండి ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన క్లాస్-సీ మోటర్‌హోమ్, అంటే వ్యాన్ ముందు భాగం వెనక ఇల్లు కట్టిన బండి. దాని వెనక కట్టి లాగేది 2,500 పౌండ్ల లోపు తూగే మాన్యువల్ గేర్ల హ్యాచ్‌బ్యాక్, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే. కారు ముందు భాగానికి బేస్ ప్లేటు (టో బార్ తగిలించే ఇనుప చట్రం), మోటర్‌హోమ్ హిచ్‌కే (వెనక లాగే కొక్కేనికే) ఉండిపోయి పక్కకు మడుచుకునే 6,000 పౌండ్లు లాగగల టో బార్ (కారును లాగే కడ్డీ), కారు బ్రేకు పెడల్ ముందు పెడితే దాన్ని తొక్కే పోర్టబుల్ పెట్టె, వెనక దీపాలకు విడి బల్బుల కిట్, బ్యాటరీకి ఛార్జింగ్ వైరు. అమెరికా హైవేల మీద, కొండ దారుల్లో, వానలోనూ మంచులోనూ ఏళ్ల తరబడి వాడిన మీదట మా తీర్పు ఇది: ఇనుప సామాను ఎక్కడా మోసం చేయలేదు, తలనొప్పి అంటూ వస్తే కరెంటు వైపు నుంచే వచ్చింది. కొనేవాళ్లు టో బార్ ఏ కంపెనీదా అని వారాల తరబడి తర్జనభర్జన పడతారు. రోడ్‌మాస్టర్, బ్లూ ఆక్స్, డెమ్కో, మూడింటిలో ఏది తీసుకున్నా పని జరుగుతుంది. వైరింగ్‌ను మాత్రం చివర్లో చూసుకుందాం లెమ్మని వదిలేస్తారు. శ్రద్ధ పెట్టాల్సింది అక్కడ.

కారు ఎంపికలో బేరాలు లేవు. ఓనర్స్ మాన్యువల్‌లో రిక్రియేషనల్ టోయింగ్ అనే భాగం తెరిచి, నాలుగు చక్రాల మీద లాగొచ్చని రాసి ఉంటేనే ముందుకెళ్లాలి. ఎక్కువ ఆటోమేటిక్, సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్సుల్లో ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజన్‌తోనే నడుస్తుంది. ఇంజన్ ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి భాగాలకు ఆయిల్ అందక కాలిపోతాయి. ముందు చక్రాలతో నడిచే చాలా మాన్యువల్ కార్లలో చక్రాలతోపాటు తిరిగే పెద్ద గేరు ఆయిల్‌లో మునిగి, తానే చిమ్ముకుంటుంది. అందుకే న్యూట్రల్‌లో పెట్టి లాగినా తట్టుకుంటాయి. అయినా మాన్యువల్ కదా, పర్లేదనుకుని ఊహ మీద బండి కట్టకండి. ఏడాది మోడల్ మారితే నియమం కూడా మారిపోతుంది. హోండా సీఆర్-వీ ఇందుకు మంచి ఉదాహరణ. 2014 మోడల్ వరకు ఆటోమేటిక్ అయినా లాగొచ్చు. 2015లో సీవీటీ రాగానే ఆ వెసులుబాటు పోయింది. ఆ పాత సీఆర్-వీలకు కూడా ఒక తంతు ఉంది: ఇంజన్ ఆన్ చేసి గేరును అన్ని స్థానాల గుండా తిప్పి, డీ (డ్రైవ్)లో 5 సెకన్లు ఆపి, న్యూట్రల్‌కు తెచ్చి, 3 నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి. వేగం గంటకు 65 మైళ్లు దాటకూడదు. మాన్యువల్ కారులో ఈ తతంగం లేకపోవడమే పెద్ద సుఖం.

బరువు లెక్క చిన్నదే. ఈ-450కి నిండు బరువు హద్దు 14,500 పౌండ్లు, వెనక లాగేదానితో కలిపి 22,000. చిన్న కారుతో ఆ హద్దు దగ్గరకు కూడా పోరు. కానీ హిచ్ రిసీవర్ (బార్ దూర్చే గొట్టం) మీద అంటించిన రేటింగ్ విడిగా చూడండి, చాలా క్లాస్-సీలలో అది 5,000 మాత్రమే. రిసీవర్, డ్రాప్ అడాప్టర్ (బార్‌ను కిందికి దించే ముక్క), టో బార్, బేస్ ప్లేటు, సేఫ్టీ కేబుళ్లు, ఈ ఐదింటిలో దేని రేటింగ్ తక్కువైతే అదే మీ హద్దు. సామాను నింపిన బండిని ఒకసారి ట్రక్కుల తూకం మీద ఎక్కించి చూసుకోవడం మంచిది.

బేస్ ప్లేటు బిగించడం ఇంట్లో చేయదగ్గ పనే, ఒక రోజు పడుతుంది. ముందు బంపర్ తొడుగు పూర్తిగా ఊడదీయాలి. చక్రాల గూళ్లలో టోర్క్స్ స్క్రూలు, పైన ప్లాస్టిక్ క్లిప్పులు, కింద 10 ఎంఎం బోల్టులు ఉంటాయి. ప్లాస్టిక్ క్లిప్పుల్లో కొన్ని విరగడం ఖాయం, కొత్తవి ఒక ప్యాకెట్ ముందే తెచ్చిపెట్టుకోండి. కొన్ని కార్లలో లోపలి క్రాష్ బీమ్ తీసి ప్లేటు పెట్టి మళ్లీ దాని మీదే బిగించాలి, కొన్నింట్లో ఛాసిస్ కమ్మీలకు కొత్త రంధ్రాలు వేయాలి. డ్రిల్ చేసిన చోట పెయింటు వేయకపోతే ఉప్పు చల్లే రోడ్ల మీద ఒక్క చలికాలం చాలు, తుప్పు పట్టడానికి. బోల్టులకు ఎర్ర థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) రాసి, ప్లేటుతో వచ్చిన సూచనల్లో ఇచ్చిన టార్క్‌కు (బిగువు కొలతకు) బిగించాక, ప్రతి బోల్టు తల మీదుగా ప్లేటు మీదకు పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. తర్వాత తనిఖీకి స్పానర్ అక్కర్లేదు. గీత విడిపోయిందంటే బోల్టు కదిలిందన్నమాట. ఊరికే అప్పుడప్పుడూ స్పానర్‌తో బిగిస్తూ పోతే థ్రెడ్‌లాకర్ పట్టు మనమే వదిలించినట్లు అవుతుంది.

ఎత్తు తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. సమతలంగా ఉన్న చోట రిసీవర్ గొట్టం మధ్య నుంచి నేలకు, బేస్ ప్లేటు కొక్కేల మధ్య నుంచి నేలకు కొలవండి. తేడా 3 అంగుళాలు దాటకూడదు. రిసీవర్ 22 అంగుళాలు, కొక్కేలు 15 అంగుళాలు అనుకుంటే 6 అంగుళాల డ్రాప్ అడాప్టర్ వేస్తే 1 అంగుళం మిగులుతుంది, అది చాలు. బార్ ఏటవాలుగా ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు నేలకు కుంగి మోటర్‌హోమ్ కిందికి దూరాలని చూస్తుంది. ఆ తోపుడంతా బార్ కీళ్ల మీద పడుతుంది. డ్రాప్ వేస్తే ఇంకో చిక్కు: క్లాస్-సీ తోక పొడవు, ఏటవాలు గేటు దారుల్లో అడాప్టర్ నేలకు రాసుకుంటుంది. పైగా గొట్టంలో గొట్టం రెండు చోట్ల అయ్యేసరికి లొడలొడ కూడా రెట్టింపవుతుంది. రెండు చోట్లా బిగింపు క్లాంపులు వేశాకే చప్పుడు తగ్గింది.

బ్రేకుల విషయానికొస్తే, మోటర్‌హోమ్ బ్రేకులను తన నిండు బరువును ఆపడానికే చేశారు, వెనక కారును కూడా ఆపడానికి కాదు. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే విడి బ్రేకు తప్పనిసరి. కాలిఫోర్నియాలో ఆ గీత 1,500 దగ్గరే ఉంది, అంటే ఎంత చిన్న కారైనా తప్పించుకోలేదు. చట్టం అడగకపోయినా పెట్టుకోండి. పోర్టబుల్ పెట్టె చేసే పని సులువే. బండి వేగం తగ్గుతోందని లోపలి సెన్సర్ పసిగట్టి, గాలి సిలిండర్‌తో పెడల్‌ను తొక్కుతుంది. చిన్న కారులో మొదటి ఇబ్బంది జాగా. మాన్యువల్ కారులో క్లచ్ పెడల్ పక్కనే ఉంటుంది కాబట్టి పెట్టె కొక్కెం బ్రేకు పెడల్‌ను మాత్రమే పట్టుకునేలా చూసి, సీటును ముందుకు జరిపి పెట్టె వీపుకు ఆనించాలి. సందు మిగిలితే పెట్టె వెనక్కి జారుతుంది, పెడల్ సగమే దిగుతుంది. ఇంజన్ ఆపాక పెడల్‌ను నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి, బ్రేకు బూస్టర్‌లో (పెడల్‌కు బలం జోడించే డబ్బాలో) మిగిలిన వాక్యూమ్‌ను పోగొట్టడం మరవకూడదు. మరిస్తే మొదటి రెండు మూడు బ్రేకులకు చక్రాలు కీచుమని లాక్ అయి, టైర్లకు చదును మచ్చలు పడతాయి. మధ్యలో ఏదో అవసరానికి కారు స్టార్ట్ చేస్తే వాక్యూమ్ మళ్లీ నిండుతుంది, మళ్లీ తొక్కాలి.

సెన్సర్ తీవ్రత ఎక్కువ పెడితే గతుకుల రోడ్డు మీద ఊరికే బ్రేకు పడుతుంది. ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు, వెనక వచ్చే కారు బ్రేకు డిస్కులు కాగుతూ ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే బ్రేకు మానిటర్ తప్పక ఉండాలి. ఆగిన చోటల్లా కారు ముందు చక్రాల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడటం అలవాటు చేసుకోండి. కొండ దిగుడు తర్వాత వేడి ఉండటం సహజం, చదును రోడ్డు మీద ఉంటే ఏదో తేడా. కారు ఊడిపోతే దాని బ్రేకు వేసే బ్రేక్‌అవే స్విచ్ కేబుల్‌ను టో బార్‌కు కాకుండా మోటర్‌హోమ్ చట్రానికి తగిలించాలి. బారే ఊడిపోతే, దానికి కట్టిన కేబుల్ పిన్నును లాగదు కదా. నెలకోసారి పిన్ను చేత్తో లాగి, పెడల్ దిగుతోందో లేదో చూడండి.

ఇక అసలు కథ, వైర్లు. మోటర్‌హోమ్ నుంచి వచ్చే సంకేతంలో బ్రేకు, ఇండికేటర్ ఒకే వైరులో ఉంటాయి: పసుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి, గోధుమ రంగు తోక దీపానికి, తెలుపు ఎర్త్‌కు. వీటిని డయోడ్ల (కరెంటును ఒక వైపే పోనిచ్చే ముక్కల) ద్వారా కారు సొంత వైరింగ్‌లో కలపొచ్చు. లేదా దీపం గూడు వెనక రంధ్రం చేసి వేరే బల్బు పెట్టొచ్చు. మా ఓటు రెండోదానికే. కారు వైరింగ్‌ను కోయనక్కర్లేదు, కారు కంప్యూటర్‌కు అసలు సంగతే తెలియదు. ఎల్‌ఈడీ తోక దీపాలున్న కారుకైతే గూడులో బల్బుకు జాగా ఉందో లేదో ముందే విప్పి చూడాలి. డయోడ్ పద్ధతిలో ఇంకో మెలిక: పెట్టె పెడల్ తొక్కినప్పుడు కారు సొంత బ్రేకు దీపాలు వెలుగుతాయి. బ్రేకు, ఇండికేటర్ ఒకే బల్బైన కార్లలో ఆ స్థిరమైన వెలుగు ఇండికేటర్ మినుకును మింగేస్తుంది. అప్పుడు బ్రేకు దీపం వైరును తెంపే రిలే కూడా కావాలి.

దీపాల రోగాల్లో ముప్పాతిక ఎర్త్ దగ్గరే. బ్రేకు తొక్కితే తోక దీపాలు మసకబారినా, ఎడమ ఇండికేటర్‌కు కుడిది కూడా సన్నగా మినుకుమన్నా తెల్లవైరు చూడండి. పెయింటు గీకిన లోహానికి బోల్టుతో బిగించి, పైన డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయాలి. బంపర్ పక్కన పెట్టే గుండ్రటి సాకెట్‌లోకి రోడ్డు నీళ్లు చేరి పచ్చగా చిలుం పడుతుంది. మూత స్ప్రింగు బలహీనపడగానే సాకెట్ మార్చేయండి, ఖరీదు ఎక్కువేం కాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది కారు బ్యాటరీ. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఏసీసీ (యాక్సెసరీ) స్థానంలో ఉంచాలి. ఆ స్థానంలో రేడియో, మాడ్యూళ్లు కలిసి 2 ఆంపియర్లు లాగాయనుకుందాం, 8 గంటల ప్రయాణానికి 16 ఆంపియర్-అవర్లు. దానికి బ్రేకు పెట్టె కంప్రెసర్, ప్రతి బ్రేకుకూ వెలిగే కారు బ్రేకు దీపాలు తోడు. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యమే 40, 45 ఆంపియర్-అవర్లు. సాయంత్రం క్యాంపుకు చేరాక స్టార్టర్ టక్‌టక్‌మని ఊరుకుంటుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, బ్యాటరీ పడిపోతే బ్రేకు పెట్టె, బ్రేక్‌అవే రెండూ పనిచేయవు. ఓనర్స్ మాన్యువల్‌లో చెప్పిన ఫ్యూజ్ పీకడం సగం మందు మాత్రమే, పైగా రోజూ పీకితే ఫ్యూజ్ బిగింపు వదులైపోతుంది. ఫ్యూజ్ బదులు చిన్న స్విచ్ వేయించడం మేలు. పూర్తి మందు ఛార్జింగ్ వైరే. మోటర్‌హోమ్ 7-పిన్ సాకెట్‌లో 12 వోల్టుల పిన్ను నిజంగా పనిచేస్తోందో లేదో మీటర్‌తో చూడండి. అన్ని బండ్లలోనూ దానికి వైరు కలిపి ఉండదు. కారు వైపు 6-పిన్ సాకెట్‌లో మిగిలిన పిన్ను నుంచి బ్యాటరీకి మందమైన వైరు లాగి, రెండు చివర్లా 15 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. రెండు చివర్లా ఎందుకంటే వైరు నడుమ ఎక్కడ రాసుకుని తెగినా, రెండు బ్యాటరీలూ రెండు వైపుల నుంచి కరెంటు పోస్తాయి. ఇది వేశాక స్టార్ట్ కాని కారు బెడద పోయింది.

జోడించేటప్పుడు వరస మార్చకపోవడమే రక్ష. బార్ చేతులు తగిలించి, పిన్నులు, అవి జారకుండా ఆపే లించ్ పిన్నులు, అడ్డంగా దాటించిన సేఫ్టీ కేబుళ్లు, వైరు, బ్రేక్‌అవే కేబుల్. తర్వాత కారు న్యూట్రల్‌లో, తాళం ఏసీసీలో, హ్యాండ్ బ్రేకు దించి, పెట్టె అమర్చి, దీపాల పరీక్ష. నెమ్మదిగా కొన్ని గజాలు ముందుకు నడిపితే బార్ రెండు చేతులూ టక్కున లాక్ అవుతాయి. ఒకటే శబ్దం వినిపిస్తే దిగి చూడాల్సిందే. మలుపులో కారు ముందు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయో కెమెరాలో గమనించండి. ఇక రివర్స్ అన్న మాటే లేదు. వెనక్కి నెడితే ముందు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగి నేలను కోస్తాయి, బార్ చేతులు వంగుతాయి. ఇరుకు గ్యాస్ స్టేషన్‌లో దారి మూసుకుపోతే దిగి విప్పడమే. విప్పేటప్పుడు బార్ బిగిసి పిన్ను రాకపోతే సుత్తితో కొట్టకుండా, కారును కొద్దిగా ముందుకూ వెనక్కీ ఊపి బిగువు తీయండి.

టో బార్‌కు గ్రీజు పెట్టకండి, దుమ్ము పట్టి లోపల ఇసుక కాగితంలా అరగదీస్తుంది. కడిగి ఆరబెట్టి, పొడి సిలికాన్ స్ప్రే చాలు. రబ్బరు తొడుగులు ఎండకు చిట్లుతాయి, బండి నిలిపినప్పుడు గుడ్డ కప్పండి. కారు టైర్లకు ప్రెజర్ సెన్సర్లు తప్పనిసరి, ఎందుకంటే వెనక కారు టైరు గాలి పోయినా మోటర్‌హోమ్ సీట్లో ఏమీ తెలియదు, రిమ్ము దాకా ఈడ్చుకుపోతాం. రాళ్ల దెబ్బలకు మోటర్‌హోమ్ వెనక వెడల్పాటి మడ్ ఫ్లాప్ కన్నా కారు ముక్కుకు కట్టే కవచమే బాగా పనిచేసింది, అయితే దాని పట్టీలు పెయింటును రాయకుండా చూసుకోవాలి.

అన్నీ కలిపి, కూలీతో సహా, 3,000 డాలర్లు దాటడం మామూలే. మళ్లీ కొనాల్సి వస్తే బార్, ప్లేటు, బల్బుల కిట్ ఇవే తీసుకుంటాం. పోర్టబుల్ పెట్టెను మాత్రం వదిలి, కారులోనే శాశ్వతంగా బిగించే బ్రేకుకు వెళ్తాం. రోజూ విప్పి నడిపే కారులో, ఆ బరువైన పెట్టెను తీసి డిక్కీలో పెట్టి మళ్లీ అమర్చడం విసుగు. కారును మార్చినా అదే బ్రేకును కొత్త కారులోకి తీసుకెళ్లాలనుకునేవాళ్లకైతే పోర్టబుల్ పెట్టే సరి.