ఈసీహెచ్‌ఎస్: మాజీ సైనికుల వైద్య పథకం ఎంతవరకు ఆదుకుంటోంది?

సైన్యం నుంచి విరమించినవారికి లభించే సదుపాయాల్లో, పెన్షన్ తరువాత ఇంటిల్లిపాదికీ ఎక్కువగా అక్కరకు వచ్చేది ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం. 2003 ఏప్రిల్ 1న ఇది మొదలయ్యేంతవరకు పెన్షనర్లు వైద్యం కోసం ప్రధానంగా సైనిక ఆసుపత్రుల మీదే ఆధారపడవలసి వచ్చేది. కంటోన్మెంట్లకు దూరంగా పల్లెల్లో స్థిరపడినవారికి ఆ హక్కు చాలావరకు కాగితం మీదే మిగిలిపోయేది. హవల్దారుగా విరమించిన మా నాన్నగారి గుండె చికిత్స ఈ పథకం కిందనే జరిగింది కనుక, దాని మేలునూ కొరతలనూ దగ్గరి నుంచి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

మేలు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఒక్కసారి చందా చెల్లిస్తే సభ్యుడికీ, అర్హత ఉన్న కుటుంబ సభ్యులకూ వైద్యం అందుతుంది. 2017 చివరలో సవరించిన లెక్క ప్రకారం ఆ చందా హవల్దారు హోదా వరకు ఉన్న జవాన్లకు 30,000 రూపాయలు, జవాన్లకూ అధికారులకూ మధ్య హోదాల్లో ఉండే జేసీవోలకు 67,000, అధికారులకు 1,20,000. 1996 జనవరి 1కి ముందు విరమించినవారికీ, యుద్ధంలో భర్తను కోల్పోయిన మహిళలకూ చందా మినహాయింపు ఉంది. వయసు పైబడిందనో, ముందే జబ్బు ఉందనో సభ్యత్వం నిరాకరించరు. ఖర్చు ఇంతకు మించరాదన్న గరిష్ఠ పరిమితి లేదు. ఏటేటా ప్రీమియం పెరుగుతూ, పాత జబ్బులకు కొన్నేళ్లు ఆగమనే ప్రైవేటు బీమా పాలసీలను చూసినవారికి ఈ ఒక్క తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

పద్ధతి తెలిసినవారికి పని సాఫీగానే సాగుతుంది. ముందుగా పాలీక్లినిక్‌లో, అంటే ఈ పథకం సొంత వైద్యశాలలో, డాక్టరుకు చూపించుకోవాలి; పెద్ద వైద్యం అవసరమైతే ఆయన ఆసుపత్రికి పంపే చీటీ, అంటే రిఫరల్ రాస్తారు; దానితో పథకం గుర్తించిన ఆసుపత్రుల్లో మనకు నచ్చినదానికి వెళ్లవచ్చు. ప్రాణాపాయ స్థితిలో రిఫరల్ కోసం ఆగనక్కరలేదు, నేరుగా చేరవచ్చు. చేరినది పథకం గుర్తించని ఆసుపత్రి అయితే మాత్రం దగ్గరి పాలీక్లినిక్‌కు 48 గంటల్లోగా తెలియజేసి, బిల్లులు మనమే కట్టి, తరువాత తిరిగి రాబట్టుకోవాలి. కంగారులో ఉన్న ఇంట్లో ఈ 48 గంటల సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇది సైనికుడి ఒక్కడికే కాదు, భార్యాపిల్లలకు కూడా కంఠతా వచ్చి ఉండాలి.

ఇక కొరతల మాట. ఛాతీ నొప్పితో నాన్నగారిని అర్ధరాత్రి పథకం గుర్తించిన ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళితే, ఈసీహెచ్‌ఎస్ సభ్యత్వ కార్డు చూపించాక కూడా అడ్వాన్సు కడితేనే చేర్చుకుంటామన్నారు. నిబంధనల ప్రకారం అలా అడగకూడదు. అమ్మ దగ్గరున్నదంతా తీసి కట్టాము. మరుసటి ఉదయం పాలీక్లినిక్ అధికారి ఫోనులో గట్టిగా మాట్లాడాకే ఆ డబ్బు తిరిగి చేతికి వచ్చింది. ఆసుపత్రిని తప్పుపడుతూనే ఒక సంగతి ఒప్పుకోవాలి: ఆసుపత్రులకు ప్రభుత్వం చెల్లించవలసిన బిల్లులు పేరుకుపోతున్నాయని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం కూడా పలుమార్లు ఎత్తి చూపింది. చెల్లింపులు సకాలంలో జరిగితే తప్ప ఈ అడ్వాన్సుల బెడద పోదు.

మందుల విషయంలోనూ ఇబ్బంది ఉంది. షుగరు, బీపీ మందులు సాధారణంగా దొరుకుతాయి కానీ, డాక్టరు రాసిన మందు స్టాకులో లేకపోతే వృద్ధులు మళ్లీ మరో రోజు బస్సెక్కి రావలసి వస్తుంది.

అన్నింటికన్నా మన తెలుగు కుటుంబాలను ఎక్కువగా ముప్పుతిప్పలు పెట్టేది పేర్ల తేడా. భర్తీ అయిన రోజుల్లో గుమాస్తా తనకు తోచిన అక్షరాలతో రాసుకున్న భార్య పేరు, విరమణ వేళ సైన్యం ఇచ్చే డిశ్చార్జి బుక్‌లో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకొకచోట మెట్టినింటిది. కార్డు దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. సైనికుల సర్వీసు వివరాలు భద్రపరిచే రికార్డ్స్ ఆఫీసుకు రాసి సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది కనుక, సైనికుడు బతికుండగానే ఆ పని పూర్తిచేయడం మంచిది. ఆయన పోయాక అదే తేడా ఫ్యామిలీ పెన్షన్‌కూ అడ్డుపడుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇలాంటి దరఖాస్తులకు సాయం అందుతుంది. దానికి పైసా ఖర్చు లేదు, దళారీ అవసరం అంతకన్నా లేదు.

నాకు మింగుడుపడని నిబంధన మరొకటి ఉంది. ఆసుపత్రిలో గది హోదాను బట్టి కేటాయిస్తారు: జవాన్లకు జనరల్ వార్డు, జేసీవోలకు సెమీ ప్రైవేటు, అధికారులకు ప్రైవేటు గది. చందాలో తేడా ఉందన్నది నిజమే. అయినా శస్త్రచికిత్స చేయించుకున్న డెబ్బై ఏళ్ల మనిషికి హోదాను బట్టి కాక, ఆరోగ్య స్థితిని బట్టి గది ఇవ్వాలని నా అభిప్రాయం. ఇన్ని చెప్పినా, సభ్యత్వం తీసుకోవాలా అని ఎవరైనా అడిగితే తప్పక తీసుకోండనే చెబుతాను. 2003 ఏప్రిల్‌కు ముందు విరమించి, నెలనెలా వచ్చే వైద్య భత్యం చాలనుకుని ఇంకా చేరనివారు మరీ ముఖ్యంగా ఆలోచించాలి; ఆ భత్యం వెయ్యి రూపాయలు, ఒక్క గుండె ఆపరేషన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది.