హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చౌక బస: ఏ గది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

అండమాన్‌లోని హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ 2018 డిసెంబరులో పేర్లు మార్చారు. జెట్టీ దగ్గర ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేర్లే వినబడతాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం. రాత్రికి నాలుగు వేల రూపాయల లోపు దొరికే గదుల గురించే ఈ సమీక్ష. సీజన్‌లో ఏసీ లేని వెదురు గుడిసె సుమారు వెయ్యి నుంచి రెండు వేలు, ఏసీ ఉన్న మామూలు గది రెండున్నర నుంచి నాలుగు వేలు పలుకుతుంది. క్రిస్మస్ ముందు నుంచి జనవరి మొదటి వారం దాకా ఇవే గదులకు దాదాపు రెట్టింపు అడుగుతారు. ఆ రెండు వారాలూ చౌక అన్న మాటే మర్చిపోవాలి. వీలైతే సంక్రాంతి దాటాక, మార్చి మధ్య లోపు పెట్టుకోండి.

చౌక గదుల ప్రకటనల్లో జనం ఎక్కువగా బోల్తా పడేది ‘బీచ్ ఫ్రంట్’ అన్న మాట దగ్గరే. హేవ్‌లాక్‌లో ఊళ్లనూ ఒడ్లనూ నంబర్లతో పిలుస్తారు. జెట్టీ ఉన్నది 1, బజారున్న గోవింద నగర్ 3, విజయ నగర్ 5, పడమటి వైపున రాధానగర్ 7. చౌక బసల్లో చాలా భాగం 3, 5 నంబర్లలో, అంటే తూర్పు ఒడ్డున ఉన్నాయి. ఈ ఒడ్డు బాగా చదును. పోటు మీదున్నప్పుడు నీళ్లు కొబ్బరి మొదళ్ల దాకా వస్తాయి. ఫొటోల్లో కనిపించే ఆ పచ్చనీలం రంగు అప్పటిదే. పాటు వచ్చిందంటే అదే సముద్రం వంద మీటర్లకు పైగా వెనక్కి పోతుంది. రాళ్లు, చచ్చిన పగడపు ముక్కలు, నాచు బయటపడతాయి. మోకాలి లోతు నీళ్ల కోసం వాటి మీద నడిస్తే అరికాళ్లు కోసుకుపోతాయి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. వాటి వేళ రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా మరీ ఎక్కువ.

కాబట్టి సముద్రం ఎదురుగా ఉందని రాత్రికి వెయ్యి ఎక్కువ పెట్టినా, పగటి వెలుగులో నీళ్లలో దిగే వీలు మూడు నాలుగు గంటలకు మించదు. ఈతకైతే మంచి ఇసుక నేల ఉన్న రాధానగర్‌కే పోవాలి. అది జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. బస్సు ఉంది కానీ దాని కోసం కాచుకోవాలి. ఇద్దరికైతే రోజుకు ఐదొందలు అటూ ఇటూగా దొరికే అద్దె స్కూటరే నయం. అలాగని రాధానగర్‌లోనే దిగుదామంటే అక్కడ ఈ ధరలో గదులు తక్కువ, చీకటి పడ్డాక తినడానికి దొరికేదీ తక్కువే. మా లెక్కలో సరైన చోటు విజయ నగర్‌లో రోడ్డుకు లోపలి పక్క. సముద్రం కనబడదు, కానీ రెండు నిమిషాల నడకలోనే ఉంటుంది. ఆ మిగిలిన వెయ్యి స్కూటరుకూ పెట్రోలుకూ సరిపోతుంది. లిస్టింగ్‌లో ‘బీచ్‌కు ఐదు నిమిషాలు’ అని ఉంటే ఏ నంబరు బీచో, నడకనో బండి మీదో అడగండి. రాధానగర్ ఫొటో పెట్టి గోవింద నగర్‌లో గది ఇచ్చేవాళ్లు ఉన్నారు.

నీళ్ల సంగతి దీనికన్నా ముఖ్యం. సమీక్షలు రాసేవాళ్లు దీన్ని సరిగ్గా పట్టించుకోరు. దీవిలో వాన నీరు నేలలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పొరలా తేలుతూ ఉంటుంది. ఒడ్డుకు దగ్గరగా తవ్విన బావిలో మోటారు ఎక్కువసేపు తోడితే ఆ పొర పల్చబడి కింది ఉప్పునీరు పైకొస్తుంది. వానలు లేని ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో ఇది మరీ ఎక్కువ. ఒడ్డు మీది గుడిసెలో నీళ్లు ఉప్పగా, రోడ్డు అవతలి గదిలో చప్పగా ఉండేది ఇందుకే.

గది చూసేటప్పుడు సామాను దించకముందే స్నానాల గదిలోకి వెళ్లండి. షవరు మొహం మీద తెల్లటి గార పేరుకుని సగం చిల్లులు పూడిపోయాయా, కుళాయి మెడ దగ్గర మెరుగు పూత పొక్కులు లేచి కింద పచ్చటి చిలుము కనిపిస్తోందా చూడండి. తర్వాత అక్కడి సబ్బు తీసుకుని చేతులు రుద్దండి. నురగ రాకుండా వేళ్ల మధ్య తెల్లటి తరకల్లా జిడ్డు మిగిలితే అవి ఉప్పునీళ్లే. ఒక్క రాత్రికైతే ఓర్చుకోవచ్చు. మూడు రాత్రులు ఆ నీళ్లతో తల స్నానం చేస్తే జుట్టు చీపురు పుల్లల్లా అవుతుంది, సముద్రంలో దిగి వచ్చిన ఒంటి దురదా తగ్గదు. కుళాయి రెండు నిమిషాలు పూర్తిగా తిప్పి వదిలితే ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లున్నాయా, ధార మధ్యలో సన్నగిల్లుతోందా తెలిసిపోతుంది. ఫోన్‌లో బుక్ చేసేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: స్నానానికి బావి నీళ్లా, ట్యాంకర్ నీళ్లా? ట్యాంకర్ తెప్పిస్తాం అని తడుముకోకుండా చెప్పే యజమాని ఎండల్లో కూడా గది నడపగలవాడు.

వెదురు గుడిసెలు చూడముచ్చటగా ఉంటాయి, గాలి బాగా ఆడుతుంది. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాను ఒక్కటున్నా హాయిగా నిద్ర పడుతుంది. కానీ తడికల సందుల్లోంచి పక్క గుడిసె మాటలన్నీ వినబడతాయి. చంటిబిడ్డ ఉంటే మీకూ పక్కవాళ్లకూ ఇబ్బందే. చాలావాటికి స్నానాల గది పైకప్పు సగమే ఉంటుంది. రాత్రి లైటు వేస్తే కప్పలు, చిన్న పీతలు కనబడతాయి. హాని లేదు కానీ, పెద్దవాళ్లు చీకట్లో తడి బండ మీద అదిరిపడి జారితే ప్రమాదం. అరవై దాటిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే గుడిసె వద్దు, గచ్చు నేల ఉన్న కాంక్రీటు గదే తీసుకోండి, అదీ కింది అంతస్తులో. గుడిసె తీసుకుంటే ఒకసారి తలెత్తి పైన ఏముందో చూడండి. కొబ్బరి గెలలు దింపించని చెట్టు కింద రేకు కప్పు ఉంటే అర్ధరాత్రి కాయ పడిన చప్పుడుకు ఇల్లంతా లేస్తుంది. బయట కుర్చీ వేసుకునే చోటు కూడా ఆ చెట్టు కిందే ఉంటే అసలు తీసుకోవద్దు.

కాంక్రీటు గదికి వచ్చే జబ్బు చెమ్మ. పరుపు అంచు ఎత్తి వాసన చూడండి, దిండు గలేబు తీసి మధ్యలో నొక్కండి. ముక్కిన వాసన వస్తే ఎండలో వేయలేదన్నమాట. దుప్పటి మార్చినా ఆ వాసన పోదు. ఏసీ గది అయితే రిమోట్ నొక్కడంతో ఆగకుండా, బయట బిగించిన యూనిట్ వెనక్కి వెళ్లి చూడండి. ఉప్పు గాలికి దాని సన్నటి అల్యూమినియం రేకులు బూడిదలా రాలిపోయి ఉంటే లోపల ఎంత చప్పుడు చేసినా గది చల్లబడదు. దీవుల్లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీద నడుస్తుంది, కోతలు మామూలే. ‘జనరేటర్ బ్యాకప్ ఉంది’ అంటే చాలాచోట్ల లైటు, ఫ్యాను వరకే. ఏసీకి కూడా వస్తుందా అని విడిగా అడగాలి. రాకపోతే ఏసీకి ఇచ్చే ఆ వెయ్యిన్నరకు అర్థం లేదు, కిటికీలు రెండు వైపులా ఉన్న ఫ్యాను గది తీసుకోండి.

శాండ్‌ఫ్లై అనే చిన్న ఇసుక ఈగ ఇక్కడ పెద్ద బాధ. నువ్వు గింజ కన్నా చిన్నది, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. పొద్దున్నే, సాయంత్రం, నీళ్లు వెనక్కి పోయిన తడి ఇసుక మీదా, కుళ్లుతున్న నాచు పక్కనా ఎక్కువ. కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు దద్దుర్లు లేచి వారం పాటు దురద పెడుతుంది. గోకితే పుండు పడుతుంది. ఒడ్డు మీది గుడిసె ముందు నాచు ఊడ్చని కుప్పలుంటే ఆ బస వదిలేయండి. కాళ్లకు, చేతులకు కొబ్బరి నూనె మందంగా పట్టిస్తే ఈగలు జిడ్డులో చిక్కుకుని కుట్టలేవు. ఇసుక మీద నేరుగా పడుకోకుండా కుర్చీనో చాపనో వాడండి. రోడ్డు లోపలి పక్క గదులకు ఈ బాధ చాలా తక్కువ, వాటినే మెచ్చుకోవడానికి ఇదీ ఒక కారణం.

కొత్తవాళ్లను ఎక్కువగా కంగారు పెట్టేది చెకౌట్ వేళ. హేవ్‌లాక్‌లో చాలా బసలు ఏడున్నర నుంచి తొమ్మిది లోపు గది ఖాళీ చేయమంటాయి. పొద్దున్న పడవల్లో వచ్చే కొత్తవాళ్ల కోసం గది సిద్ధం చేయాలి మరి. మీ పడవ మధ్యాహ్నం అయితే ఐదారు గంటలు సామానుతో ఎక్కడ ఉంటారో ముందే తేల్చుకోండి. సామాను పెట్టుకునే చోటు, తడి బట్టలు మార్చుకోవడానికి బయట ఒక బాత్‌రూమ్ ఇస్తామని మెసేజ్‌లో రాయించుకోండి. ఇక్కడ పగలు కూడా మన లెక్కకు ముందే అయిపోతుంది. మన దేశపు గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది. ఈ దీవులు సుమారు 93 డిగ్రీల దగ్గర ఉన్నాయి, అంటే సూర్యుడు కాకినాడ కన్నా నలభై నిమిషాలు ముందు. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం రెండు గంటల పడవకు దిగితే ఆ రోజు గది అద్దె తప్ప దీవి దక్కదు. పొద్దున పడవే పట్టుకోండి.

నీల్ చిన్న దీవి, సైకిల్ మీద తిరిగేయొచ్చు. ఇక్కడ మాకు గుడిసెలే నచ్చాయి. భరత్‌పూర్ ఒడ్డు జెట్టీ పక్కనే కాబట్టి అటువైపు తీసుకుంటే ఆటో ఖర్చు ఉండదు. సూర్యాస్తమయం కోసం లక్ష్మణ్‌పూర్ వైపు, సూర్యోదయం కోసం సీతాపూర్ వైపు తీసుకునేవాళ్లున్నారు. కానీ సీతాపూర్ దూరం, రాత్రి భోజనానికి ఆ బస వాళ్ల వంటిల్లే దిక్కు. చేప భోజనం ఎంతో, శాకాహారులకు ఏం పెడతారో ముందే అడగండి. హేవ్‌లాక్, నీల్ రెండింటా స్థిరపడినవాళ్లు ఎక్కువగా బెంగాలీలు, మాట బెంగాలీ, హిందీ. తెలుగు వినాలంటే పోర్ట్ బ్లెయిర్‌లోనే (2024 నుంచి శ్రీ విజయపురం). పర్యాటక శాఖకు హేవ్‌లాక్‌లో డాల్ఫిన్, నీల్‌లో హవాబిల్ నెస్ట్ అన్న బసలున్నాయి. ప్రైవేటు గదులతో పోల్చి చూసేటప్పుడు వాటి ధర కూడా కనుక్కోండి.

డబ్బు సంగతి త్వరగా. 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 5 శాతమే, పాత 12 శాతం వేస్తే ఒప్పుకోవద్దు. చాలా చిన్న బసలు జీఎస్‌టీలో నమోదే కావు. బిల్లు మీద జీఎస్‌టీ నంబరు లేకుండా పన్ను వసూలు చేసే హక్కు వాళ్లకు లేదు. ఏటీఎంలు తక్కువ, నెట్ మొరాయిస్తే ఫోన్ చెల్లింపులు ఆగిపోతాయి, రెండు రోజులకు సరిపడా నగదు ఉంచుకోండి. అమెరికా నుంచో ఇంకెక్కడి నుంచో విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే బంధువులు వెంట ఉంటే, విదేశీయుల వివరాలు అధికారులకు పంపే ఫారం ఆ గెస్ట్ హౌస్ నింపుతుందో లేదో బుకింగ్‌కు ముందే కనుక్కోవాలి. చిన్నచోట్ల కొన్ని వాళ్లను తీసుకోవు.

డబ్బు తిరిగి ఇచ్చే షరతు చదవకుండా ముందస్తు మొత్తం కట్టొద్దు. గాలివాన వస్తే పడవలు ఆపేస్తారు. 2016 డిసెంబరులో వచ్చిన తుపానుకు వందల మంది యాత్రికులు ఈ రెండు దీవుల్లోనే చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపాల్సి వచ్చింది. పడవ రద్దయి మీరు చేరలేకపోతే మొదటి రాత్రి డబ్బు వెనక్కి ఇస్తారా, దీవిలోనే చిక్కుకుంటే అదే ధరకు ఇంకో రాత్రి ఉండనిస్తారా అని రెండూ అడిగి రాయించుకోండి. రెండో దానికి సరేనన్న చోటును, మూడొందలు ఎక్కువైనా, ముందు పెట్టుకోండి. విమానానికి ముందు రాత్రి బస మాత్రం దీవిలో వద్దు, పోర్ట్ బ్లెయిర్‌లో తీసుకోండి.