ఆర్మ్ సపోర్ట్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

కండరాల జబ్బు ఉన్నవాళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఈ హెచ్చరిక. "చెయ్యి తేలిగ్గా లేస్తుంది, మీ అన్నం మీరే తింటారు" అంటూ వీడియోలు పంపి, వాట్సాప్‌లోనే బేరం తెమిల్చేసి, వీల్‌చైర్‌కి బిగించి చేతి బరువు మోయించే ఆర్మ్ సపోర్ట్‌లు అమ్ముతున్నారు. 68 వేలు పెట్టి నేనూ ఒకటి తెప్పించుకున్నాను. ఇప్పుడది గాజువాకలో మా ఇంట్లో మంచం కింద పడి ఉంది. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. అయినా పేరు కన్నా వాళ్ళు అమ్మే తీరు తెలుసుకుంటేనే మీకు ఎక్కువ పనికొస్తుంది. పేరుదేముంది, రేపు ఇంకోటి పెట్టుకుంటారు.

నాది లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రఫీ. భుజాల్లో, జబ్బల్లో బలం దాదాపు పోయింది. వేళ్ళు మాత్రం బాగానే పనిచేస్తాయి. పెన్ను పట్టుకుంటాను, ఫోన్‌లో టైప్ చేస్తాను, కానీ చెయ్యి నోటిదాకా రాదు. చేతుల బలం చూడటానికి డాక్టర్లు వాడే బ్రూక్ స్కేల్ 1 నుంచి 6 దాకా ఉంటుంది, అందులో నాది 5. ముక్కు మీద దోమ వాలితే అమ్మని పిలవాలి. గాజువాకలో దోమలకేం కొదవలేదు కాబట్టి అమ్మకి పని బాగానే ఉంటుంది.

అసలు ఆర్మ్ సపోర్ట్ ఏం చెయ్యాలో ముందు చెప్తాను, అది తెలియకపోతే వాళ్ళ మోసం అర్థం కాదు. ఒక చెయ్యి బరువు సుమారుగా ఒంటి బరువులో ఇరవయ్యో వంతు ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు. ఆ 3 కిలోలనీ స్ప్రింగులో, రబ్బరు బ్యాండ్లో మోసేస్తే, మనకి మిగిలిన కాస్త బలంతో చేతిని అటూ ఇటూ నడిపించుకోవచ్చు. సరిగ్గా తూగిన తక్కెడలా ఉండాలన్నమాట. చేతిని ఏ ఎత్తులో వదిలేస్తే ఆ ఎత్తులోనే నిలబడాలి. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రి పరిశోధకులు డబ్ల్యూ-రెక్స్ అని ఒకటి తయారుచేశారు. దాని పూర్తి పేరులో రోబోటిక్ అని ఉన్నా, మామూలు రకంలో మోటారు ఉండదు. రబ్బరు బ్యాండ్లు ఒకటి ఎక్కించో ఒకటి తీసేసో మనిషికి తగ్గట్టు కుదురుస్తారు. నాకు అమ్మినాయన "అదే టెక్నాలజీ సార్" అన్నాడు.

పెట్టె విప్పితే కుదర్చడానికి ఒక్క స్క్రూ కూడా లేదు. ఉన్నది ఒకటే స్ప్రింగ్, అదీ రెండు వైపులా రివెట్ కొట్టేసి ఉంది. బావ దాన్ని వీల్‌చైర్‌కి బిగించి, ప్లాస్టిక్ దొప్పలో నా ముంజేతిని పెట్టి, వెల్క్రో పట్టీ వేసి వదిలాడు. చెయ్యి సర్రున లేచొచ్చి దవడకి తగిలింది. అక్క నవ్వాపుకోలేక "ఏట్రా, సపోర్టు నిన్నే కొడతంది!" అంది.

నవ్వులయ్యాక అసలు సంగతి బయటపడింది. ఎదురుగా ఉప్మా ప్లేటు ఉంది. నా చేతిలో స్పూను ఉంది, కానీ అది గడ్డం దగ్గరే ఆగిపోయింది. ప్లేటు దాకా దించాలంటే స్ప్రింగ్‌ని కిందికి తొక్కిపెట్టాలి. అందుకు మోచేతిని చాపే ట్రైసెప్స్ కండరంలో బలం కావాలి, నాకది ఎప్పుడో పోయింది. అమ్మే వాళ్ళందరూ చెయ్యి ఎలా లేస్తుందో చూపిస్తారు. ఎలా దిగుతుందో అడగండి. ముద్ద ఉండేది కింద కదా! నిండు గ్లాసు పట్టుకుంటే బరువు మారి మళ్ళీ తూకం చెడుతుంది. అందుకే మంచి వాటిలో బలాన్ని పెంచి తగ్గించే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటికి దానికోసమే మోటారు కూడా పెడతారు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "నాలుగు వారాల్లో అలవాటైపోద్ది సార్, కండరాలు కూడా బలపడతాయి" అన్నాడు. ఈ రెండో మాట ఎవరన్నా సరే, అక్కడితో బేరం ఆపేయండి. డిస్ట్రఫీలో పోయిన కండరాన్ని ఏ ఆర్మ్ సపోర్టూ తిరిగి తేలేదు. అది బరువు మోస్తుంది, అంతే. పక్షవాతం నుంచి కోలుకునేవాళ్ళు వ్యాయామం కోసం వాడే పరికరాలు కూడా ఇదే పేరుతో అమ్ముడవుతాయి. వాళ్ళ అవసరం వేరు, మనది వేరు. నా దగ్గరున్నది అలాంటి దానికి చవక నకలులా ఉందని మా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ, రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణులు) చూడగానే అన్నారు.

ఇక బిగింపు కథ. వాళ్ళ క్లాంప్ చదరపు గొట్టానికి చేసింది, నా వీల్‌చైర్‌ది గుండ్రటి పైపు. బావ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగిస్తే నిలబడింది గానీ, నిట్టనిలువుగా రాలేదు. ఇలాంటి వాటిలో నిలువు గొట్టం కాస్త ఒరిగినా చెయ్యి పల్లం వైపు జారిపోతుంది. మా వీధే ఏటవాలు, ఇంటి బయట వీల్‌చైర్ ఆపితే చెయ్యి దానంతటదే రోడ్డు వైపు తిరిగేది. విశాఖలో కొండవాలు వీధులు ఎన్నో, కాబట్టి ఇది తప్పకుండా చూసుకోండి. మోచెయ్యి దగ్గర బయటికి పొడుచుకొచ్చే భాగం వల్ల కుర్చీ వెడల్పు కూడా పెరుగుతుంది. మా హాలు తలుపులోంచి పట్టింది, బాత్రూమ్ తలుపులోంచి పట్టలేదు. కొనేముందు మీ ఇంట్లో అన్నిటికన్నా ఇరుకు తలుపు ఏదో టేపు పెట్టి కొలవండి.

దొప్ప అంచు మోచేతి లోపలి వైపు ఒత్తుకుని చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. అక్కడ చర్మం కిందే అల్నార్ నరం వెళ్తుంది. మనలాంటి వాళ్ళం చెయ్యి కదిపి సర్దుకోలేం కాబట్టి ఆ ఒత్తిడి అలాగే ఉండిపోతుంది. తిమ్మిరి మొదలైతే "అలవాటైపోతుందిలే" అని భరించకండి, వెంటనే తీయించేయండి. స్ప్రింగ్‌కి తుప్పు కూడా పట్టింది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో మామూలు ఇనుము సంగతి మనకి కొత్తా?

వీడియో చూసేటప్పుడు యంత్రాన్ని వదిలేసి మనిషి భుజాన్ని చూడండి. వాళ్ళు పంపిన దాంట్లో కాఫీ కప్పు ఎత్తినాయన ప్రతిసారీ భుజం ఎగరేశాడు. కండరాలు శుభ్రంగా ఉన్న మనిషి, అది తొడుక్కోకపోయినా ఎత్తగలడు. అంచేత చేతిని పూర్తిగా వదిలేసి, మూడు ఎత్తుల్లో నిలబెట్టి చూపించమనండి. మీ కుర్చీకే బిగించి, మీ స్పూనుతో, మీ చెయ్యి పెట్టి చూపించాకే డబ్బిస్తామనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల దాకా బలం మార్చుకోవచ్చో కాగితం మీద రాయించుకోండి. మీ ఓటీనో ఫిజియోనో చూసి సరేననేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.

డబ్బు విషయానికొస్తే, మొత్తం ముందే ఒక వ్యక్తి సొంత ఖాతాకి యూపీఐలో వేయమన్నారు. జీఎస్‌టీ బిల్లు అడిగితే "తర్వాత పంపుతాం" అన్నారు, ఇంతవరకూ రాలేదు. పెట్టె మీద తయారీదారు పేరు గానీ, దిగుమతిదారు చిరునామా గానీ, ఎమ్మార్పీ గానీ లేవు, చట్టం ప్రకారం అవి ఉండి తీరాలి. పైగా సబ్సిడీ ఇప్పిస్తామని సదరం సర్టిఫికెట్, ఆధార్ కాపీలు తీసుకున్నారు. వైకల్యం ఉన్నవాళ్ళకి పరికరాల కోసం కేంద్రం ఇచ్చే అడిప్ పథకం సాయం కాన్పూరులోని అలింకో లాంటి అమలు సంస్థల ద్వారా వస్తుంది, వాట్సాప్ దుకాణదారు ఇప్పించేది కాదు. మీ కాగితాలు వాళ్ళ చేతికి ఇవ్వకండి.

వెనక్కి తీసుకోమంటే "కస్టమ్ మేడ్ సార్, రిటర్న్ ఉండదు" అన్నారు. నా చేతి కొలత ఒక్కటీ అడగనివాళ్ళు కస్టమ్ మేడ్ అనడం విడ్డూరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తాయి. నేను ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే చోటే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. అయితే గొడవ మొదలైన రోజు నుంచి 2 ఏళ్ళలోపు వేయాలి.

ఇదే వీడియో చూసి మీరూ కొని ఉంటే చాటింగ్, యూపీఐ స్క్రీన్‌షాట్, పెట్టె విప్పినప్పటి ఫొటోలు ఏవీ డిలీట్ చేయకండి, నాకు చెప్పండి. అలాగే విశాఖ, అనకాపల్లి వైపు ఎవరైనా నిజంగా పనిచేసే ఆర్మ్ సపోర్ట్ వాడుతుంటే ఒకసారి చూడనివ్వండి. బావ నన్ను తీసుకొస్తానన్నాడు.